పైకి జరిగిన మేకు

బాన్సువాడలో పోసవ్వ ఎవరినీ నమ్మదన్న సంగతి పాలుపోసేవాడికి తెలుసు, నాట్లకు వచ్చే కూలీలకు తెలుసు, ఆఖరికి నెలకోసారి కనపడే పోస్టుమ్యానుకూ తెలుసు. గుమ్మిలో వడ్లు పోయించాక పైన అరచేయి అచ్చు వేసి మూత పెట్టేది. మర్నాడు మూత తీసి, అచ్చు చెదరలేదని చూసుకుని, అప్పటికీ మనసొప్పక తన చెయ్యి దాని మీద పెట్టి కొలిచేది, ఎవరో వడ్లు తీసుకుని తమ చెయ్యి అచ్చు వేసి పోయారేమోనని. అనుమానం పెనుభూతం అంటారు. పోసవ్వ ఇంట్లో ఆ భూతానికి రెండు పూటలా బువ్వ దొరికేది.

ఊరికే పుట్టిన అనుమానం కాదులెండి. ముప్పై నిండకముందే మొగుడు పోయాడు. చేతిలో ఒక్క కొడుకు భూమేశ్, నిజాంసాగర్ కాలువ కింద ఆరెకరాల పొలం. మరుదులు గట్టు జరుపుతారని రోజూ పొద్దున్నే వెళ్లి అడుగులతో కొలిచి వచ్చేది. ఒక ఏడు నిజంగానే రెండడుగులు జరిపారు. ఆ ఒక్క ఏడు ఆమెకు జన్మకంతా సరిపోయింది.

కోడలి విషయంలో మాత్రం ఏ సందూ వదలలేదు. "పరాయి పిల్లను తెస్తే ఎప్పుడు ఏం జేస్తదో ఎవలకెరుక? మన రక్తమైతే మోసం జెయ్యదు" అని కోటగిరిలో ఉన్న అన్న శివరాం బిడ్డను అడిగింది. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోమన్నారు పెద్దలు. పోసవ్వ వాళ్లకంటే ఒక మెట్టు పైకెక్కి, తన తల్లిని చూసే పిల్లను తెచ్చుకుంది. సన్నటి ఎముక, పొడుగు మెడ, చిన్న మణికట్లు. "అచ్చం మా అవ్వ సాయవ్వే" అని మురిసిపోయింది. అలా ఎనభైల్లో, పద్దెనిమిదేళ్ల ప్రేమల మేనత్త ఇంటికి కోడలై వచ్చింది.

పదేళ్లు బాగానే గడిచాయి. అంటే పోసవ్వ లెక్కలో బాగానే అని. కోడలు పాలు తెచ్చిస్తే గ్లాసు వంక చూసి, "ముందు నువ్వు తాగు" అనేది. ప్రేమల ఒక గుక్క తాగి ఇచ్చేది. అత్త తీరే అంత అనుకుని నవ్వేసేది. మేనత్త కదా, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషే.

1995 వానాకాలంలో పోసవ్వ కాలువ గట్టు మీద జారి, పడకుండా అరచెయ్యి ఆనించింది. అంతమాత్రానికే మణికట్టు పుటుక్కుమంది. వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టినాయన, "పెద్దదానివైనవ్ అక్కా, నెల నెల కనవడుడు బందైనంక గట్లనే ఉంటది" అన్నాడు. పోసవ్వ ఆయన మాటా నమ్మలేదు. నెలసరి ఆగి అప్పటికి నాలుగేళ్లు. అది ఆగితే చేతికేం, మణికట్టుకేం?

మూడేళ్లకు చలికాలంలో దగ్గు పట్టుకుని, ఒకరోజు గట్టిగా దగ్గితే పక్కటెముక విరిగింది. పడితే విరిగిందంటే సరే. దగ్గితే విరగడమేమిటి? అనుమానం లేనివాళ్లకు కూడా అనుమానం వచ్చే సంగతి ఇది. పోసవ్వకు వేరే చెప్పాలా?

ఆ మరుసటి ఏడే ప్రేమలకు నెలసరి పదేసి రోజులు ఆగకుండా పోవడం మొదలైంది. మనిషి పాలిపోయింది. సరిగ్గా నాట్ల వేళకే నడుం పట్టుకుని కూర్చుంటోందని పోసవ్వకు అదొక అనుమానం. ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖానలో చూపిస్తే, గర్భసంచి తీసేస్తే పీడ వదులుతుందని, లేకుంటే ముందు ముందు క్యాన్సర్ అయినా కావచ్చని భయపెట్టారు. ప్రేమల వెనకాడింది. భూమేశ్ ఎప్పటిలాగే అడకత్తెరలో పోకచెక్క. పోసవ్వే తేల్చేసింది.

"ఇద్దరు పిల్లలైండ్రు గదా. ఇగ గా సంచితోని ఏం పని? తీపిచ్చుకో."

ముప్పై ఒకటో ఏట ప్రేమల సంచి తీయించుకుంది. సంచితో పాటు పక్కనున్న అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు చాలా రోజుల దాకా తెలియదు.

ఇక మేకు సంగతి. కొట్టు గది తాళంచెవి పోసవ్వ గుమ్మం పక్కన గోడకున్న మేకుకు తగిలించేది. ఆమె చెయ్యి చాపితే సరిగ్గా అందే ఎత్తులో, పిల్లలకు అందకుండా, పెళ్లయి వచ్చిన కొత్తలో మొగుడితో కొట్టించుకున్న మేకు అది. 2001లో ఒకనాడు చెయ్యి చాపితే చెవి అందలేదు. మునివేళ్ల మీద లేచింది. అప్పుడూ అందలేదు.

"భూమేశూ! ఇటు రారా! మేకు పైకి జరిపిందెవలు?"

భూమేశ్ వచ్చి గోడ చూశాడు. "అదే మేకు అవ్వా. ఎవలు జరుపుతరు?"

"మరి నాకెందుకు అందుతలేదు? నిన్న మొన్నటిదాక అందె గదా!"

"నువ్వే పొట్టిగైనవేమో."

"మనుషులు పెరుగుతరు గాని తరుగుతరారా?"

ప్రేమల అత్త అవస్థ చూడలేక మర్నాడు పొత్రంరాయి పట్టుకొచ్చి, పాత మేకుకు జానెడు కింద ఇంకో మేకు కొట్టి, తాళంచెవి దానికి తగిలించింది. పోసవ్వకు అంతకంటే రుజువు ఏం కావాలి? పాత మేకు పైకి జరిపిన దొంగతనం బయటపడింది కాబట్టే కొత్తది కింద కొట్టింది! తప్పు చేయనిదానికి ఈ సవరణ ఎందుకు?

పక్కింటి పూలమ్మ ఈ మాటకు ఒక మాట కలిపింది. "అక్కా, తప్పుగ అనుకోకు. నడుం వంగవట్టె, బొక్కలిరుగవట్టె, మనిషివి తరుగవడితివి. ఎవలన్న మందు పెట్టిండ్రేమో."

ఆ వైపు మందు పెట్టడమంటే రోగం కుదిర్చే మందు కాదు. గిట్టనివాళ్లు కూరలోనో పాలలోనో ఏదో కలిపి తినిపిస్తారని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని లోలోపల కరిగించేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్లు కూడా ఉంటారు. పోసవ్వ మంజీర దాటి అలాంటి ఒకాయన దగ్గరికి పోయింది. ఆయన పసరు తాగించాడు. పేగులు నోట్లోకి వచ్చేట్టు కక్కుకున్నాక, చిప్పలో వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి చూపించాడు.

"ఇంట్ల మనిషే పెట్టింది. కూడు వండే చెయ్యి."

పాలుపోసేవాడిని కూడా నమ్మని పోసవ్వ, ముక్కూమొహం తెలియని ఆ మనిషిని మాత్రం ఆ ఒక్క మాట దగ్గర నమ్మేసింది. అనుమానం ఉన్న చోట మోసం కూడా సులువే. ఎటొచ్చీ మన అనుమానానికి సరిపడా మాట చెప్పాలి, అంతే.

ఆ రోజు నుంచి వేరే పొయ్యి పెట్టుకుంది. గుప్పెడు బియ్యం వండుకుని, చింతతొక్కు కలుపుకుని తినేది. బర్రె ఇంట్లోనే ఉన్నా పాలు ముట్టేది కాదు, పెరుగు ముట్టేది కాదు, ఎందుకంటే బర్రెను పిండేది ప్రేమల. ఎండలోకి వచ్చేది కాదు, ఎందుకంటే కొట్టు గదికి కాపలా ఎవరుంటారు? చీకటి నడిమింట్లో గోడకానుకుని కూర్చుని, గుమ్మంలో కనపడే కాళ్లను కనిపెడుతూ ఉండేది. అప్పటికి నడుం ఎంత వంగిందంటే మనిషి మొహం చూడాలంటే మెడ రిక్కించి పక్కకు తిప్పాలి. కాళ్లయితే తేలిగ్గా కనపడతాయి.

ప్రేమల రెండేళ్లు ఏడ్చింది. తర్వాత ఏడవడం కూడా మానేసింది. అత్త తినకుండా వదిలేసిన గిన్నె తీసుకెళ్లి బర్రె కుడితిలో పోసేది.

2004 ఎండాకాలం పోసవ్వ బిందె ఎత్తబోయి నడుములో కలుక్కుమని మూడు వారాలు మంచం పట్టింది. లేవగానే కర్ర పట్టుకుని కులపెద్ద ఆశన్న ఇంటికి పోయింది.

"మరిదీ, నా కోడలు నన్ను సంపుతున్నది. నన్నన్న ఉంచుండ్రి, దాన్నన్న ఉంచుండ్రి. దాన్ని కోటగిరికి తోలుండ్రి."

ఆశన్న నచ్చజెప్ప చూశాడు. వినలేదు. చేసేది లేక, వచ్చే ఆదివారం కూర్చుందామని, శివరాంకు కబురు చేస్తానని అన్నాడు. కబురు ఇల్లు చేరేసరికి ప్రేమల మొహంలో నెత్తురు చుక్క లేదు. పద్దెనిమిదేళ్ల కాపురం, బడికి పోయే పిల్లలిద్దరు. మందు పెట్టిందన్న పేరుతో పుట్టింటికి పోయిన ఆడది మళ్లీ ఏ గడప తొక్కుతుంది? భూమేశ్ "పెద్దలు ఏమంటరో సూద్దాం" అన్నాడు. ఆ మాట చాలు, ఆ రాత్రే ఆమె సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ బుధవారం హైదరాబాదు నుంచి డాక్టర్లు బడిలో క్యాంపు పెట్టారు. నెలసరి ఆగిన ఆడవాళ్ల ఎముకలు చూస్తారట, రక్తం తీసుకుంటారట, తల్లి ఎట్లుండె, అమ్మమ్మ ఎట్లుండె అని అడిగి రాసుకుంటారట. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంది. ఆపరేషన్ అయినవాళ్లు కూడా రావాలంది. మామూలుగా అయితే పోసవ్వ ఆమెను గడప తొక్కనిచ్చేది కాదు. కానీ "మిషన్ల మడిమె పెడితే బొక్క లోపల ఎట్లున్నదో తెలుస్తది" అన్న మాట చెవిన పడింది. లోపల ఎట్లున్నదో తెలిస్తే, లోపలున్న మందు కూడా తెలుస్తుంది కదా! కాగితం మీద రాయించుకుని ఆదివారం పెద్దల ముందు పెడితే ఇక తిరుగేముంది? తన కళ్లతో చూసుకోనీ అని కోడలిని కూడా వెంటబెట్టుకుని పోయింది.

బల్ల మీద చిన్న పెట్టెంత మిషన్. మడమకు జిగురు పూసి అందులో పెట్టమన్నారు. పోసవ్వ పెట్టింది. చల్లగా తగిలింది, అంతే. రక్తం తీసేటప్పుడు మాత్రం "గింత రక్తం ఏం జేస్తరు? అమ్ముకుంటరా?" అని అడిగింది. రక్తం తీసే పిల్ల నవ్వి, "నీ రక్తానికి అంత ధర లేదవ్వా" అంది.

తర్వాత కాగితం పట్టుకున్న ఇంకో పిల్ల అడగడం మొదలుపెట్టింది. ఎన్నేళ్లు? ఎముకలు ఎన్నిసార్లు విరిగాయి? తల్లి పేరేమిటి, ఏ ఊరు? తల్లికి నడుం వంగిందా?

వీళ్ల ఎత్తు పోసవ్వకు అర్థమైంది. నెపం తెచ్చి తన తల్లి మీద వేస్తారు. అప్పుడు ప్రేమల తప్పించుకుంటుంది.

"మా అవ్వ సాయవ్వ. కోటగిరి. సచ్చేదాక టేకు కర్ర లెక్క నిలవడ్డది. రాసుకో."

ఇంతలో పక్క బల్ల దగ్గర ప్రేమల గొంతు వినిపించింది. ఆమెకూ అవే ప్రశ్నలు, తల్లి వైపు, తండ్రి వైపు. "మా నాయినమ్మకు మస్తు వంగింది. ఆఖరికి మనుషుల మొఖాలు కూడ సూడరాకపోతుండె. కాళ్లు సూసి గుర్తువట్టేది. 'ఈ కాళ్లు మా ప్రేమలవి' అని నా పాదం తడిమేది."

పోసవ్వ కర్ర చేతిలోంచి జారింది.

గంట తర్వాత డాక్టరమ్మ రెండు కాగితాలు పట్టుకుని ఇద్దరినీ పిలిచింది. వాటిని పక్కపక్కన పెట్టి మళ్లీ మళ్లీ చూసింది. "ఇందులో మీ అమ్మ సాయవ్వ, కోటగిరి. ఇందులో మీ నాయనమ్మ సాయవ్వ, కోటగిరి. ఇద్దరూ ఒకరేనా?"

"ఒక్కతే డాక్టరమ్మా" అంది ప్రేమల. "మా నాయిన, మా అత్త అన్నాచెల్లెండ్లు. నాది మేనరికం."

"మరి ఒక కాగితంలో చివరిదాకా టేకు కర్రలా నిలబడింది. ఇంకో కాగితంలో కాళ్లు చూసి మనుషులను గుర్తుపట్టేది. ఒక్క మనిషి రెండు రకాలుగా ఎట్లా ముసలిదైంది?"

వరసలో నిలబడ్డ ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఇంటి కోడలికీ అత్తకూ ముసలమ్మ ఒక్కతేనన్న సంగతి, గట్లు కొలిచే పోసవ్వ, అచ్చులు కొలిచే పోసవ్వ, ఆ అబద్ధం ఆడేటప్పుడు మరిచిపోయింది. జీవితంలో మొదటిసారి నలుగురిలో దొరికిపోయింది.

కానీ ఆమె అడగవలసింది అడిగే తీరింది. "గా ముచ్చట ఇడిశిపెట్టు. నా బొక్కలల్ల మందు కనవడ్డదా?"

"ఏం మందమ్మా?"

"కూట్లె పెట్టింది. మనిషిని కరగదీసేది."

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. "అట్లాంటి మందు నాకు తెలియదమ్మా. నెలసరి ఆగాక ఆడవాళ్లందరికీ ఎముక పలచబడుతుంది. కొన్ని ఇళ్లలో తొందరగా, ఎక్కువగా. ఎముక ఎంత గట్టిగా ఉండాలన్నది చాలావరకు పుట్టుకతోనే వస్తుంది, అమ్మ నుంచి, నాన్న నుంచి. రక్తంలో అది ఎక్కడ దాగుందో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు, అది వెతకడానికే ఈ తిరుగుడు. మిగతాది తిండి, ఎండ, పని. ఎవరైనా పెట్టారంటే, మీకు పెట్టినవాళ్లే ఈమెకూ పెట్టి ఉండాలి. ఈమెకు ముప్పై ఆరేళ్లు. ఎముక చూస్తే అరవై ఏళ్ల మనిషిది." ఆమె ప్రేమల వైపు తిరిగింది. "అవన్నీ తీసేస్తే నెలసరి ఆగినట్టే, ఎముక అప్పటినుంచే పలచబడుతుంది. ఇంత చిన్న వయసులో ఎందుకు తీయించుకున్నావు? ఎవరు తీయించుకోమన్నారు?"

పోసవ్వ మెడ రిక్కించి కోడలి మొహం చూడబోయింది. అందలేదు. నేల మీద ఆమె పాదాలే కనపడ్డాయి. సన్నటి పాదాలు, ఉబికిన నరాలు, బొటనవేలి పక్కన చిన్న పుట్టుమచ్చ. ఇప్పుడు చెబుతుంది, మా అత్తే తీయించిందని చెబుతుంది, పది మందిలో చెప్పి పగ తీర్చుకుంటుంది.

"దవాఖానల తియ్యాలన్నరు, తీపిచ్చుకున్న" అంది ప్రేమల. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

కోడలు తన పేరు చెప్పకుండా ఊరుకోవడాన్ని కూడా, తిరిగొచ్చే ఆటోలోనే పోసవ్వ అనుమానించింది. ఎందుకు చెప్పలేదు? ఏం కావాలని చెప్పలేదు? గురువారం అంతా అదే ఆలోచన. శుక్రవారం గుమ్మి మూత తీసి అచ్చు చూసుకోబోయి, చెయ్యి పెట్టకుండానే మూత వేసేసింది. ఎంత వెతికినా ఆ మౌనంలో ఆమెకు మోసం దొరకలేదు. దొరికింది సిగ్గు. అది కడుపులో గడ్డలా కూర్చుంది, ఏ పసరూ కక్కించలేని గడ్డ.

ఆదివారం ఆశన్న ఇంటి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. కోటగిరి నుంచి శివరాం వచ్చి తలవంచుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ప్రేమల సర్దిన సంచీతో స్తంభం పక్కన నిలబడింది. భూమేశ్ నేల చూస్తున్నాడు.

"చెప్పు వదినా" అన్నాడు ఆశన్న. "మందు పెట్టిందెవలో తేలిందా?"

"తేలింది."

"ఎవలు?"

"మా అవ్వ."

శివరాం తల ఎత్తాడు. "ఏందే నువ్వనేది? అవ్వ సచ్చి పన్నెండేండ్లాయె."

"సచ్చేటోళ్లు ఊకె సస్తరా? ఇచ్చి పోతరు. నాకు ఇచ్చింది. నీ సేతుల మీదికెళ్లి నీ బిడ్డకు ఇచ్చింది. మా అవ్వ పోలికని నేనే మురుసుకుంట తెచ్చుకున్న." కర్ర మీద బరువు ఆనించి మళ్లీ అందుకుంది. "అవ్వ ఇచ్చింది సాలదని మిగతాది నేను పెట్టిన. దాని సంచి తీపిచ్చింది నేను. డాక్టరమ్మ అడిగితే ఇది నా పేరు సెప్పలే. నేనైతే సెప్పుతుంటి. ఇగ ఎవల్ని తోలుతరో మీరే సెప్పుండ్రి."

ఆశన్న తీర్పు చెప్పేదాకా పోసవ్వ ఆగలేదు. నేల మీద పాదాలు వెతుక్కుంటూ స్తంభం దగ్గరికి పోయి, కోడలి చేతిలో సంచీ లాక్కుంది. "బర్రెకు కుడితి పెట్టే యాళ్లాయె. నడువు."

ప్రేమల అరుగు మీదే కూలబడి ఏడ్చింది. ఏడవడం మానేశాక మళ్లీ ఏడవడం అదే.

అంతటితో పోసవ్వ అనుమానం వదిలిందనుకుంటే పొరపాటు. డాక్టరమ్మ చీటీలో రాసిచ్చిన గోలీలు ప్రేమల సరిగ్గా మింగుతోందో లేదోనని కొత్త అనుమానం పట్టుకుంది. రోజూ లెక్కపెట్టేది. నాలుక చాపమనేది. పొద్దున పూట ఇద్దరికీ ఎండలో పీట వేయించేది. ఉగాదికి ఉగాదికి కోడలిని గుమ్మం పక్కన నిలబెట్టి, "ఏదీ, పాత మేకు అందుతదా సూడు" అనేది. అందితే కాని పచ్చడి నోట్లో పెట్టుకునేది కాదు.

2007లో తుంటి ఎముక విరిగి ఇక లేవలేదు. మంచంలో ఉన్న ఏడాదీ సాయంత్రం ప్రేమల పాలు తెస్తే, చూడవచ్చినవాళ్ల ముందే గట్టిగా అనేది: "ముందు నువ్వు తాగు." ప్రేమల ఒక గుక్క తాగి గ్లాసు ఇవ్వబోయేది. "ఇంకింత." మళ్లీ తాగేది. "సగానికి రావాలె." సగం ఖాళీ అయ్యాకే ముసలిది చెయ్యి చాపేది.

మరుసటి ఎండాకాలం పోసవ్వ పోయింది. దినాల నాడు ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని గుసగుసలాడారు. "ఏమన్న అనుమానమా తల్లీ! సచ్చేదాక కోడల్ని నమ్మలే. పాలు సుత తాగి సూపెడితెనే ముట్టేది" అంది పూలమ్మ.

ప్రేమల విన్నది. వంటకు బియ్యం తీయాలని లోపలికి పోయి, కింది మేకు నుంచి తాళంచెవి తీసుకుని కొట్టు గది తెరిచింది. బియ్యం తీసి తలుపు వేసి, చెవి మళ్లీ తగిలించబోతూ ఆగింది. ఉగాది పోయి నెలే అయింది. అయినా, అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా, మడమలు నేలకు ఆనించి నిటారుగా నిలబడి పైమేకుకు చెయ్యి చాపింది.

అందింది. తాళంచెవి దానికే తగిలించి, కళ్లు తుడుచుకుని బియ్యం కడగడానికి పోయింది.